పెట్టే చెయ్యి ముట్టదెందుకు?

రాత్రి మిగిలిన జొన్నరొట్టెను వీధి కుక్కకు వెయ్యని ఇల్లు మన బాసర వైపు అరుదు. కానీ ఆ వేసే తీరు చూడండి. నాలుగడుగుల దూరం నుంచి విసురుతాం. అది తోక ఊపుకుంటూ దగ్గరికొస్తే ‘ఛీ, అటు పో’ అంటాం. ఇంకాస్త దగ్గరికొచ్చిందా, చీపురు తిరగేస్తాం. పెట్టేది చేత్తో, ముట్టేది మాత్రం కర్రతో! ఇదేం లెక్కో నాకు అర్థం కాదు.

వీధి కుక్క సంగతి అలా ఉంచండి. పిల్లలు ఏడ్చి మొత్తుకుని ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్ల గతీ చాలా ఇళ్ళలో ఇంతే. మొదటి నాలుగు రోజులు ముద్దు. ఐదో రోజు గదిలో తడి చేస్తుంది. మూతి పట్టుకుని ఆ తడిలో రాస్తారు. చెప్పు కొరికితే ఆ చెప్పుతోనే ఒకటి వేస్తారు. ఆ తర్వాత మెడకు గొలుసు. కొట్టే పని ఇంట్లో మగవాళ్ళదీ పిల్లలదీ, బువ్వ పెట్టే పని మనదీ. ‘మా కుక్కకు ఆయనంటే భయం, నేనంటే తిండి’ అని మా వీధిలో ఒకావిడ నవ్వుతూ అన్నది. ఎంత నిజం! భయానికీ తిండికీ మధ్య దానికి కావలసింది ఇంకొకటి ఉందని మనకు తోచదు. అది మన చెయ్యి.

ఇది నా సొంత కవిత్వం కాదండీ. కోల్‌కతా దగ్గరి ఐసర్ అనే కేంద్ర విద్యాసంస్థలో అనిందితా భద్ర బృందం ఏళ్ళ తరబడి మన దేశపు వీధి కుక్కల మీదే పరిశోధన చేస్తోంది. 2017లో వాళ్ళు అచ్చువేసిన ఒక పరిశోధన ఇది: ముక్కూ మొహం తెలియని మనిషి పదే పదే వచ్చి కొన్ని కుక్కలకు తిండి పెట్టాడు, కొన్నిటిని ఊరికే నిమిరాడు. చివరికి ఆ మనిషిని ఎక్కువగా నమ్మినవి నిమిరించుకున్న కుక్కలే! రాళ్ళు, కర్రలు తప్ప ఎరగని వీధి కుక్కలు కూడా తిండి కంటే చేతికే మనసిచ్చాయన్న మాట. అమెరికాలో ఫ్యూయర్‌బాకర్, విన్ అనే ఇద్దరు 2015లో ఇంకో సంగతి చూశారు. ‘శభాష్’, ‘మా బంగారం’ అని నోటితో ఎంత పొగిడినా కుక్కకు పెద్దగా పట్టదట. నిమిరే చెయ్యి దగ్గరే ఉండిపోతుందట.

తిండికి అసలు విలువే లేదని కాదు. కొత్త పని నేర్పేటప్పుడు రొట్టె ముక్క చూపితే కుక్కపిల్ల చురుగ్గా నేర్చుకుంటుంది, కాదనను. అయితే పొద్దస్తమానం ముక్కలు పెడుతూ ఉంటే, ముక్క లేని రోజున అది మన మాట వినదు. మొదట ముక్కా నిమరడమూ కలిపి ఇచ్చి, మెల్లగా ముక్క తగ్గించాలి. చేతికి ఖర్చు లేదు. నెలాఖరున కూడా అది ఖాళీ కాదు!

ఇందులో కిటుకంతా సమయంలో ఉంది. పిలిచాం, వచ్చింది. వచ్చిన ఆ క్షణంలోనే గదవ కింద నిమరాలి. పొయ్యి మీది పాలు దించి, చేతులు తుడుచుకుని వచ్చి నిమిరితే ఎందుకు నిమిరామో దానికెలా తెలుస్తుంది? నిద్ర లేవగానే, తిన్న వెంటనే బయటికి తీసుకెళ్ళాలి. పని కాగానే అక్కడికక్కడే ఎద మీద నిమరాలి. ఇంట్లో తడి చేస్తే మాట్లాడకుండా తుడిచెయ్యడమే. కొడితే అది నేర్చుకునేది లోపల చెయ్యకూడదని కాదు, మన ఎదుట చెయ్యకూడదని. అందుకే మంచం కిందికి పోయి చేస్తుంది. ఆటలో చేతిని పంటితో పట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకుని, లేచి అటు తిరిగి నిలబడండి. చెయ్యి దూరమవడమే దానికి పెద్ద శిక్ష.

వయసు కూడా ముఖ్యం. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే కాలం. అప్పుడు మెత్తని చెయ్యి ఎరగని పిల్ల పెద్దయ్యాక మనిషిని చూస్తే బెదురుతుంది. బెదిరిన కుక్కే ఎక్కువగా కరుస్తుంది. అలాగని ఎనిమిది వారాలు నిండకముందే తల్లి దగ్గర నుంచి లాక్కురాకండి. తోటి పిల్లలతో ఆడుతూనే అది ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటుంది.

ఇక మడి, మైల. ‘కుక్కను ముట్టి స్నానం చెయ్యకుండా దేవుడి గదిలోకా?’ అనే అత్తగార్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళతో వాదం పెట్టుకోమని నేనన్ను. చేతులు కడుక్కోమంటే కడుక్కుందాం, అది ఆరోగ్యానికీ మంచిదే. కానీ అదే దేవుడి గదిలో దత్తాత్రేయుడి పటం ఉంటుంది. మన పొరుగున మహారాష్ట్రలోని మాహూర్ ఆయన క్షేత్రమే. ఆ పటంలో స్వామి పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి, నాలుగు వేదాలని పెద్దలు చెబుతారు. పటంలో ఉన్న దానికి దండం, వాకిట్లో ఉన్న దానికి కర్రా?

అసలు చెయ్యి పట్టి నేర్పడం గురించి బాసరకు ఒకరు చెప్పాలా? జ్ఞాన సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చూడని వాళ్ళం కాదు. బిడ్డను ఒళ్ళో కూచోబెట్టుకుని, చిన్న వేలు పట్టుకుని బియ్యంలో దిద్దిస్తాం. బిడ్డ ఏడిస్తే వీపు నిమిరి మళ్ళీ దిద్దిస్తాం. అక్కడ బెత్తం లేదు. బిడ్డా కుక్కా ఒకటేనా అంటారేమో, ఒకటి కాదు. కానీ ఒళ్ళో నేర్చుకునే పిల్ల ఎవరిదైనా, బెదిరిస్తే ముడుచుకుపోతుంది.

ఇక భయం సంగతి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును వీధి కుక్కలు చంపేసిన సంగతి ఏ తల్లీ మరిచిపోలేదు. కనిపించిన ప్రతి కుక్కనూ నిమరమని నేను చెప్పడం లేదు. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లల తల్లిని ముట్టొద్దని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. తెలియని కుక్క జోలికి అసలే పోవద్దు. కుక్కపిల్లే కదా అని గాటును, గోటి గీరును వదిలెయ్యొద్దు. సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కారం, సున్నం, ఆకు పసరు పనికిరావు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

నిజానికి నేను చెయ్యి ముట్టాలనేది ఈ భయం కోసమే. 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, విద్యాసంస్థలు, ఆసుపత్రుల ఆవరణల నుంచి వీధి కుక్కల్ని తీసి, ఆపరేషన్, టీకాలు చేయించి, మళ్ళీ అక్కడే వదలకుండా షెల్టర్లకు పంపమంది. బాసరలో రైల్వే స్టేషనూ ఉంది, బస్టాండూ ఉంది, 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. మరి ఒక్క చెయ్యీ ఎరగని కుక్కకు టీకా ఎలా వేస్తారు? వల విసరాలి, వెంటాడాలి, మెడకు ఉచ్చు వెయ్యాలి. ఒకసారి అలా పట్టుబడి తప్పించుకున్న కుక్క మళ్ళీ మనిషిని నమ్ముతుందా?

మనం రొట్టె వేసే వాకిట్లో పెరిగే పిల్లనైనా ముందే చేతికి అలవాటు చేస్తే ఈ తిప్పలుండవు. గదవ కింద రెండు మూడు క్షణాలు నిమిరి ఆపండి. ఇంకా దగ్గరికి జరిగితే మళ్ళీ నిమరండి. మొహం తిప్పుకున్నా, పెదవులు నాక్కుంటున్నా వదిలెయ్యండి, రేపు చూద్దాం. చెవులు, కాళ్ళు, నోరు కూడా అప్పుడప్పుడు మెల్లగా పట్టుకుని చూస్తుండాలి. డాక్టరు ముట్టేవి అవే కదా! మూడు నెలలు నిండగానే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి రేబిస్ టీకా వేయించండి, మళ్ళీ ఏడాదికోసారి. సూది గుచ్చేటప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పట్టుకోవలసింది రోజూ నిమిరే మనిషే. ఆ పని మాత్రం డాక్టరుకు వదిలి బయట నిలబడకండి.