ప్రమాదానికి కూలి ఎవరు కడతారు?

నాట్ల రోజుల్లో మా హత్నూర మండలంలో ఏ ఊరికి పోయినా పొద్దున్నే ఒకటే బేరం. పదిమంది ఆడవాళ్లు గుంపుగా కూడితే, వాళ్లలో పెద్దామె రైతుతో ఎకరానికింత అని గుత్త మాట్లాడుతుంది. నారు ముదురుతోంది, మడి దున్ని నీళ్లు పెట్టి ఉంది, రైతుకు ఆగే వీల్లేదు. "గట్లయితే పక్కూరికి పోతం" అని ఆమె ఒక్క మాటంటే రేటు పెరుగుతుంది. నాట్లు అయిపోయాక అదే మనిషి, అదే పొలం, కూలి మాత్రం దిగిపోతుంది. గిరాకీ, సరఫరా అని కాలేజీలో చెప్పే పాఠం ఆ గట్టు మీదే అర్థమవుతుంది.

ఆ పాఠం ఫ్యాక్టరీ పనికీ వర్తిస్తుందా అని బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ గేటు ముందు షిఫ్టు మారే వేళ నిలబడ్డాను. రాత్రి డ్యూటీ దిగిన హెల్పర్ కుర్రాడి కనుబొమల మీద తెల్లటి పొడి ఇంకా అంటుకునే ఉంది. డ్రైయర్‌లోంచి తీసి డ్రమ్ముల్లో నింపాడట. ఏం పొడి బాబూ అని అడిగితే "మాల్" అన్నాడు. అంతకుమించి అతనికి ఎవరూ చెప్పలేదు.

అదే గేట్లోంచి వచ్చిన కెమిస్టుకు జీతం ఎక్కువ. దాంతో నాకు పేచీ లేదు. ఎమ్మెస్సీకి ఏళ్లు పట్టాయి, బ్యాచ్ చెడితే జవాబు చెప్పాల్సిందీ అతనే. నేర్చుకోవడానికయ్యే ఖర్చు, మీదున్న నమ్మకం, పని నిలకడ కూలిలో తేడా తెస్తాయని అర్థశాస్త్రవేత్త ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. మంచు, ముసురు రోజుల్లో పని దొరకదు కనుక తాపీమేస్త్రీకి రోజుకూలి ఎక్కువ ఉండాలన్నాడు. కష్టమైన, రోత పుట్టించే పనికీ ఎక్కువ ముడుతుందన్నాడు. ఈ చివరి లెక్కే మా దగ్గర తప్పింది. 1848లో జాన్ స్టూవర్ట్ మిల్ దీన్ని కాదన్నాడు: అందరూ ఒల్లని పనికే అతి తక్కువ కూలి, ఎందుకంటే అది గత్యంతరం లేనివాళ్ల చేతిలో పడుతుంది.

2024 ఏప్రిల్ 3న మా మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో పేలుడు జరిగి కార్మికులతో పాటు సంస్థ డైరెక్టర్ కూడా చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో నలభై మందికి పైగా పోయారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్లు వాళ్లలో ఎందరో. పేలుడు ఎవరి జీతమూ చూడదు, నిజమే. కానీ రోజూ ఆ పొడి పీల్చేది, సాల్వెంట్ డ్రమ్ము భుజాన వేసుకునేది హెల్పరే.

నాటు కూలికి గుంపు ఉంది, భాష ఉంది, వద్దంటే పక్కూరు ఉంది. హెల్పర్‌కు ఉన్నది కాంట్రాక్టర్ ఒక్కడే. ఉండే గది కూడా చాలాసార్లు అతను చూపించిందే. కంపెనీ ఎంత ఇస్తోందో, మధ్యలో ఎంత ఆగిపోతోందో తెలియదు. చేతిలో ఉన్నదేమిటో తెలియనివాడు దానికి ధర ఎలా అడుగుతాడు?

అందుకే నేను అడిగేది ఇది. ప్రతి గేటు దగ్గరా తెలుగు, హిందీ, ఒడియాల్లో బోర్డు పెట్టాలి. ఏ షెడ్డులో ఏ రసాయనం, అది ఒంటికి ఏం చేస్తుంది, ఆ షెడ్డులో పనికి కంపెనీ కడుతున్న కూలి ఎంత. మూడూ ఒకే బోర్డు మీద, హెల్పర్లు లోపలికి వెళ్లే వైపున.