తాళం గదికా, అక్షరానికా?

శ్రీకాళహస్తి కవి ధూర్జటి పేరుతో ఇప్పుడొక తెలుగు ఫాంటు ఉంది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. దాని సరసనే పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం పేర్లతో ఉన్న ఫాంట్లూ దొరుకుతాయి. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవే. ఆ లైసెన్సు షరతులు చదువుతుంటే మాకు ముచ్చటేసింది. ఫాంటును పుస్తకానికి వాడుకోవచ్చు, ఆ పుస్తకాన్ని అమ్ముకోవచ్చు. అక్షరం వంపు నచ్చకపోతే దిద్దుకోవచ్చు. దిద్దినదాన్ని అవే షరతుల మీద పదిమందికీ పంచొచ్చు. ఫాంటును మాత్రం విడిగా సరుకుగా అమ్మడానికి వీల్లేదు. రాజుల కొలువును అంతగా ఈసడించిన శతకకారుడి పేరు ఇలాంటి అక్షరాలకు పెట్టడం ఎంతో తగిన పని.

అయితే తిరుపతిలో, చిత్తూరులో డీటీపీ సెంటర్లకు వెళితే ఈ ధూర్జటి కనబడటం అరుదు. పెళ్లిపత్రికైనా, కర్మక్రియల కార్డైనా, కవితా సంపుటైనా, యూనివర్సిటీలో సమర్పించే థీసిస్ అయినా చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్‌లోనే, అను ఫాంట్లలోనే తయారవుతోంది. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన పేజ్‌మేకర్‌ను 1994లో అడోబీ కొనుక్కుంది. 2001లో 7.0 వెర్షన్ వచ్చింది. అదే ఆఖరుది. తయారుచేసినవాళ్లే వదిలేసిన సాఫ్ట్‌వేర్ మీద మన ప్రాంతపు అచ్చు వ్యవహారమంతా రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. ఇది ఒక సాహిత్య పత్రిక పట్టించుకోవలసిన సంగతేనా అని పాఠకులకు అనిపించవచ్చు. పట్టించుకోవలసిన మొదటి సంగతి ఇదేనని మా నమ్మకం.

ఎందుకో చెప్పాలంటే తెర వెనక్కి కాస్త తొంగిచూడాలి. అను వంటి పాతకాలపు ఫాంటుతో ఆపరేటరు ‘తిరుపతి’ అని కొడితే, మెషిన్ లోపల నిల్వ అయ్యేది తెలుగు కాదు. అక్కడుండేవి కొన్ని ఇంగ్లీషు అక్షరాలు, కొన్ని గుర్తులు. వాటి మీద తెలుగు బొమ్మలు గీసి మనకు చూపించడమే ఫాంటు చేసే పని. గుడికి ఒక గుర్తు, దీర్ఘానికి ఒకటి, ఒక్కో వత్తుకు ఒక్కోటి. ఏ బొమ్మను ఏ గుర్తు మీద కూర్చోబెట్టాలన్నది ఏ కంపెనీకి ఆ కంపెనీ ఇష్టం. ఆ ఫాంటు లేని మెషిన్‌లో ఫైలు తెరిస్తే తెలుగన్నది ఒక్క ముక్క కూడా కనబడదు, గజిబిజి ఇంగ్లీషు తప్ప. ఐదువందల పేజీల గ్రంథంలో ‘తిరుపతి’ ఎక్కడెక్కడ వచ్చిందో వెతకమంటే, ఆ మాట అసలు లేనే లేదంటుంది కంప్యూటర్. నిజమే, దానికి తెలిసినంతలో లేదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ రోజుల్లో ఒక ఫాంటులో 256 గళ్లే ఉండేవి. మన గుణింతాలనూ వత్తులనూ వాటిలో సర్దడమంటే గొప్ప పనితనమే. ఆ ఫాంట్లు లేకపోతే 1990లలో చిన్న పత్రికలు అంత అందంగా అచ్చయ్యేవే కావు. ఆ పనివాళ్లకు మనం రుణపడి ఉన్నాం. అయితే 1991లోనే, అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు సొంత చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కవి డాక్టర్ తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి, వాటిని లోకానికి స్వేచ్ఛగా వదిలారు. తెలుగును ఇంగ్లీషు గుర్తుల మాటున దాచవలసిన అవసరం ఆనాడే తీరిపోయింది. అలవాటు మాత్రం మిగిలింది.

దాచిన అక్షరం అనగానే గుర్తొచ్చే తాళ్లపాక వారి రాగిరేకుల సంగతి తిరుపతి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాళ్లపాక అన్నమయ్య 1503లో కన్నుమూశాడు. ఆ వంశం వారి సంకీర్తనలు చెక్కిన రెండువేలకు పైగా రేకులు తిరుమల ఆలయంలోని రాతి అరలో శతాబ్దాల పాటు పడి ఉన్నాయి. 1816లో అచ్చయిన తన తెలుగు వ్యాకరణంలో కాంబెల్ దొర వాటిని ప్రస్తావించాడు. 1922 తర్వాతే అవి బయటికి వచ్చి పండితుల చేతుల్లో పడ్డాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని చదివి, పరిష్కరించి మనకందించారు. అన్నాళ్లూ తాళం పడింది గదికే. రేకు మీది అక్షరం ఎవరి సొత్తూ కాదు. తలుపు తెరిచాక చదవనేర్చిన వాళ్లందరికీ అది తెలుగే. లిపిలో వచ్చిన మార్పులు పండితులను కొంత శ్రమపెట్టి ఉండవచ్చు, కానీ ఏ కంపెనీ అనుమతీ వాళ్లకు అవసరం కాలేదు.

మరి పాతికేళ్ల కిందటి మన పేజ్‌మేకర్ ఫైలు మాటేమిటి? చిత్తూరు పల్లెల కథలు రాసిన ఒక పెద్దాయన సంపుటిని మళ్లీ అచ్చు వేయాలని కిందటేడు తలపెట్టాం. మొదటి ముద్రణ నాటి సీడీ భద్రంగానే ఉంది. అందులో ఫైలూ చెక్కుచెదరలేదు. అడోబీ ఇప్పుడు అద్దెకిచ్చే ఇన్‌డిజైన్ పేజ్‌మేకర్ ఫైళ్లను తెరవదు. పాత మెషిన్ వెతికి పట్టుకుని తెరిస్తే పేజీల నిండా ఇంగ్లీషు గుర్తులు. కొట్టిన సెంటరు మూతపడింది, ఏ ఫాంటు ఏ వెర్షనో చెప్పేవాళ్లు లేరు. చివరికి అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి మళ్లీ టైపు చేయించాం. ఆయన మాండలికంలో రాసిన ‘గెనిమ’ రెండుచోట్ల ‘గనిమి’గా పడింది. ప్రూఫుల్లో ఆయన కళ్లద్దాలు సర్దుకుని పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. పోయిన రచయితల పుస్తకాలకు ఆ పని ఎవరు చేస్తారు?

సొంత హక్కుల సాఫ్ట్‌వేర్‌కూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ తేడా అనగానే మనవాళ్లు ధర దగ్గర ఆగిపోతారు. మన ఊళ్లలో ఆ వాదన నిలవదు. డబ్బు కట్టి పేజ్‌మేకర్ కొన్నవాళ్లు ఇక్కడ బహు అరుదు. సీడీ చేతులు మారింది, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ చేతులు మారింది. రూపాయి కట్టకుండానే కట్టుబడిపోయాం. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన ఉద్యమం అడిగింది వేరు. ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకునే హక్కు, లోపల ఎలా నడుస్తుందో చూసే హక్కు, నకలు పంచే హక్కు, మార్చుకుని ఆ మార్పును పంచే హక్కు. ఈ నాలుగూ ఉంటే డబ్బు తీసుకుని అమ్మినా అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. దొంగ నకలుగా మన చేతికి వచ్చిన పేజ్‌మేకర్ లోపల ఏముందో చూసి, మన ఫైలును విడిపించుకునే దారి మనకు లేదు. పైగా తప్పు చేస్తున్నామన్న బెరుకు ఒకటి.

మూసిన సాఫ్ట్‌వేర్, తెరిచిన సాఫ్ట్‌వేర్ అన్న ఈ రెండు దారులూ ఎటు పోతాయో చూడాలంటే మన కాటూరు మనిషి కథే చాలు. శ్రీకాళహస్తి దగ్గరి ఆ పల్లెలో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డిని లోకం రాజ్‌రెడ్డిగా ఎరుగును. గిండీలో ఇంజనీరింగు, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు, ఆ తర్వాత కార్నెగీ మెలన్‌లో అధ్యాపకత్వం. 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఇద్దరిలో ఒకరు. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పడం ఆయన ప్రయోగశాల చేపట్టిన పని. అక్కడ 1970లలో జేమ్స్ బేకర్ డ్రాగన్ అనే ప్రోగ్రామును రూపొందించాడు. 1982లో భార్య జానెట్‌తో కలిసి ఆ పేరుతోనే కంపెనీ పెట్టాడు. చెప్పింది చెప్పినట్టు టైపు చేసే ఆ సాఫ్ట్‌వేర్ చేతులు పనిచేయని ఎందరికో ఆసరా అయింది, కాదనలేం. 2000లో దాన్ని బెల్జియం కంపెనీ ఒకటి కొన్నది. లెక్కల మోసం బయటపడి ఆ కంపెనీ కూలిపోయింది. ఆ తర్వాత డ్రాగన్ ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి పోయి, చివరికి మైక్రోసాఫ్ట్ సొత్తయింది. ఎందరి చేతులు మారినా దాని కిటుకు మూసిన పెట్టెలోనే ఉంది.

అదే ప్రయోగశాలలో 1980ల చివర కై-ఫూ లీ స్ఫింక్స్ అనే మరో ప్రోగ్రామును తయారుచేశాడు. 2000లోనే, అంటే డ్రాగన్ అమ్ముడుపోయిన ఏడాదే, విశ్వవిద్యాలయం స్ఫింక్స్ సోర్సు కోడును బయటపెట్టింది. తెలుగుతో సహా ఎన్నో భాషల మీద ప్రయోగాలు చేసిన విద్యార్థులు దాన్ని దించుకున్నారు, విప్పి చూసుకున్నారు, తమ భాష నేర్పారు. ఒక్కరిని కూడా అడగనక్కర్లేకపోయింది. ఇప్పుడు అంతకు మించినవి వచ్చాయి, నిజమే. కానీ ఒక తరం విద్యార్థులు ఆ విద్యను విప్పి నేర్చుకోగలిగింది ఆ తెరిచిన కోడు వల్లనే.

రాజ్‌రెడ్డి నడిపించిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో తిరుమల తిరుపతి దేవస్థానం కూడా పాలుపంచుకుంది. తిరుపతిలో పుస్తకాలు స్కాన్ చేశారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో నడిచిన ఆ వెబ్‌సైటు తర్వాత ఆగిపోయింది. అప్పటికే ఔత్సాహికులు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చి ఉండబట్టి, ఎన్నో పాత తెలుగు గ్రంథాలు ఈనాటికీ మనకు దొరుకుతున్నాయి. నకలు తీసుకోనిచ్చినందువల్ల బతికాయి. అయితే అవి పేజీల ఫోటోలు. ఫోటోలోంచి అక్షరాన్ని రాబట్టాలంటే ఓసీఆర్ కావాలి. హెచ్‌పీ కంపెనీ 1985 నుంచి 1994 వరకు టెసరాక్ట్ అనే ఓసీఆర్ మీద పనిచేసి అటకెక్కించింది. 2005లో సోర్సు కోడు బయటపెట్టాక దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. ఈనాడది తెలుగు చదువుతుంది. వత్తుల దగ్గర తడబడుతుంది, పాత అచ్చు మసక దగ్గర ఇంకా తడబడుతుంది. దాన్ని మెరుగుపరిచే అవకాశం మన ఐఐటీ తిరుపతి విద్యార్థికీ ఉంది, అమెరికాలో ఉన్న చంద్రగిరి అమ్మాయికీ ఉంది.

మా గుండెకు దగ్గరి విషయం ఇంకొకటుంది. కయ్య, గెనిమ, కసువు, శెనక్కాయలు, యాడ, వొగ. ఇవి లేకుండా చిత్తూరు కథ లేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మునికన్నడి సేద్యం’లో గానీ, మధురాంతకం రాజారాం కథల్లో గానీ ఈ నేల మాట ఎంత సహజంగా పలుకుతుందో మా పాఠకులకు తెలుసు. ఇలాంటి మాట టైపు చేయగానే కింద ఎర్రగీత పడితే, కొత్తగా రాస్తున్న పిల్లలు తమ మాటే తప్పేమో అనుకుంటారు. మూసిన సాఫ్ట్‌వేర్‌లో ఆ గీతను మీ మెషిన్ వరకు మాన్పించుకోవచ్చు. అందరి మెషిన్లలో మాన్పించాలంటే దూరాన ఉన్న కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాడే హన్‌స్పెల్ నిఘంటువు మామూలు టెక్స్ట్ ఫైలు. వరసగా మాటలుంటాయంతే. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం విద్యార్థులు నాలుగు ఊళ్లు తిరిగి మాటలు పోగుచేసి, అందులో చేర్చి పంచిపెడితే చాలు. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ పని తలకెత్తుకోవాలని మా కోరిక. ఇంతకంటే సులువుగా మాండలికానికి చోటు సంపాదించే మార్గం మాకు తోచడం లేదు.

చేసి చూపినవాళ్లు లేకపోలేదు. కేరళలో ‘జనయుగం’ దినపత్రిక 2019లో పేజ్‌మేకర్‌ను వదిలి లినక్స్ మీదికి, స్క్రైబస్ అనే పేజీల సాఫ్ట్‌వేర్ మీదికి మొత్తంగా మారింది. పాత ఫాంట్లు మాని యూనికోడ్ మలయాళంలో పత్రిక అచ్చువేస్తోంది. మలయాళం అక్షరాల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు అప్పటికే ఫాంట్లు తయారుచేసి పెట్టబట్టి అది కుదిరింది. రోజూ రాత్రి గడియారంతో పరుగులు తీసే దినపత్రికకు సాధ్యమైంది, నెలకోసారి వచ్చే మనకు ఎందుకు కాదు?

ఇబ్బందులను దాచం. స్వేచ్ఛా తెలుగు ఫాంట్లలో ఒకే కుటుంబంలో సన్నం, లావు, వాలు రకాలన్నీ దొరికేవి తక్కువ. కొన్నింటిలో వత్తు కింది పంక్తి తలకట్టును తాకుతుంది. స్క్రైబస్ అలవాటయ్యేదాకా ఆపరేటరుకు చేయి నిదానిస్తుంది. పేజీకి ఇంత అని బతికే మనిషికి అది చిన్న నష్టం కాదు. ఈ ఖర్చు ఆ పేద ఆపరేటరు నెత్తిన పడకూడదు. సంస్థలు భరించాలి. ఫాంటు గీసేవారికి, కోడు రాసేవారికి కూలి దక్కాలి. ఊరికే వచ్చిందని ఊరికే వాడుకుని తిరిగి ఏమీ ఇవ్వకపోవడం మంచి పద్ధతి కాదు. మేం కాదంటున్నది సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పుచ్చుకోవడాన్ని కాదు. అక్షరానికి తాళం వేయడాన్ని.

విశ్వవిద్యాలయాలు తెలుగు థీసిస్‌ను యూనికోడ్‌లో తప్ప తీసుకోకూడదు. థీసిస్‌లను దాచే శోధ్‌గంగ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరైన డీస్పేస్ మీదే నడుస్తోంది. అందులోకి వెతకడానికి వీల్లేని ఫైలు చేర్చి ఏం లాభం? దేవస్థానం ఎన్నో పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోనిస్తోంది. వాటితోపాటు వెతుక్కోదగిన పాఠాన్ని కూడా ఇస్తే తాళ్లపాక వారి పదాల మీద పరిశోధన తీరే మారిపోతుంది.

ఇక మా వంతు. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికను యూనికోడ్‌లో, స్వేచ్ఛా ఫాంట్లతో కూరుస్తాం. రచయితలు యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు గానీ, చేతిరాత గానీ పంపండి. చేతిరాతను మేమే టైపు చేయిస్తాం, ఆ ఖర్చు పత్రికదే. పాత సంచికలను ఒక్కొక్కటిగా మార్చే పని మొదలైంది. మార్పిడిలో దొర్లే తప్పులు దిద్దడానికి చిత్తూరు యాస చెవికి బాగా తెలిసిన ప్రూఫ్‌రీడర్లు కావాలి. వారికి పేజీ లెక్కన పారితోషికం ఇస్తాం. రచయితలు ఒప్పుకున్న మేరకు ఆ పాఠాలను ఎవరైనా దించుకునేలా ఉంచుతాం. సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు పక్కన పెట్టిన సొమ్ముతో ఒక తెలుగు ఫాంటుకు లావు, వాలు రకాలు గీయించాలని నిర్ణయించాం. గీయగలిగినవారు నమూనాలతో పత్రిక చిరునామాకు రాయండి.