తెలుగంతా ఫోనులోనే ఉందా?

“తెలుగంతా ఫోనులోనే ఉండగా సాయంకాలపు తరగతి దేనికి?” అని కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. పిల్లలను మాన్పించినవారూ ఉన్నారు. ఈ వాదాన్ని మేము ఒప్పుకోలేము.

అంతర్జాలాన్ని మేము నిందించడం లేదు. పద్యాలు, పాటలు, నిఘంటువులు మా తరగతికి అక్కడినుంచే వస్తున్నాయి. అది లేకుంటే మాకు పాఠం సాగదు. కాని ఆ తెలుగును అక్కడికి చేర్చినది ఎవరు? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైన నాడు అది ఖాళీ గది. జీతం ఆశించని మనుషులు తీరిక వేళల్లో వ్రాసి దాన్ని నింపారు. అనువాద యంత్రాలు సైతం మనుషులు వ్రాసిన వాక్యాలనుంచే నేర్చాయి. మనం పెట్టనిది అక్కడ ఉండదు.

మా తరగతిలో ఒక బాలిక తన తల్లి చెల్లెలిని గురించి ఇంగ్లీషులో వ్రాసి, తెలుగు చేయమని ఫోనుకిచ్చింది. ‘అత్త’ అని వచ్చింది. పిన్నిని అత్తను చేశామని ఆ యంత్రానికి తెలియదు; ఆ పిల్లకూ తెలియలేదు. మాకు బాధ కలిగించినది ఆ రెండవదే. వాళ్ళ అమ్మమ్మ పక్కన ఉండి ఉంటే నవ్వి దిద్దేది.

1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారు కూలికోసం తోటలను నమ్ముకున్నారు; వారి చేతులు లేనిదే చెరకు కదలలేదు. అయినా ఒప్పందంలో షరతులు వ్రాసినది ఒక పక్షమే. వారి కష్టంతో పోలిక తేవడం మా ఉద్దేశం కాదు. కాని నేడు మనం చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుతున్న పత్రాలను ఎవరు వ్రాస్తున్నారో ఒక్కసారి ఆలోచించండి.

మన దగ్గర ఇవ్వదగినది లేకపోలేదు. తోటల బ్యారకుల్లో తమిళం, భోజ్‌పురి, జూలూ మాటలతో కలిసి బ్రతికిన నేటాలు తెలుగు మనది. మేము వెదికినంతలో అది అంతర్జాలంలో కనబడలేదు. చెరకుసీమలోని మ్టున్‌జిని తీరంనుంచి సముద్రగర్భం గుండా కొచ్చి వరకు 2002లోనే కేబులు వేశారు. దారి ఉంది, పంపేవారే లేరు.

పిల్లలను తరగతికి పంపండి, ఫోనుతోనే పంపండి. వచ్చేముందు ఇంట్లో పెద్దవారిచేత పది నిమిషాలు తెలుగులో మాట్లాడించి అందులో రికార్డు చేయండి. ఆ మాటలను తెలుగు లిపిలో ఎక్కించడం మేము నేర్పుతాము.