ఫకీరు ప్రాణం చిలకలో... ఆట ప్రాణం బ్యాటరీలో!

బాలనాగమ్మ కథలో మాయలఫకీరు ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఓ చిలకలో ఉంటుంది. దాని పీక నులిమితే చాలు, ఫకీరు కుప్పకూలిపోతాడు. 1990ల నాటి కొన్ని వీడియోగేమ్ మిషన్ల సంగతీ అచ్చం అంతే. వాటి ప్రాణం చిటికెన వేలంత బ్యాటరీలో ఉంది!

జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో తెచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ ప్రపంచాన్ని ఊపేసింది. ఆ వెంటే నకిలీ బోర్డులూ కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. దాంతో కంపెనీకి చిర్రెత్తుకొచ్చింది. 1993లో తెచ్చిన ‘సీపీఎస్-2’ అనే కొత్త బోర్డులో ఆట ప్రోగ్రామును రహస్య లిపిలోకి మార్చి పెట్టింది. దాన్ని చదవాలంటే తాళంచెవిలాంటి ఓ అంకెల వరస కావాలి. ఆ వరసను బోర్డులోని ప్రత్యేకమైన చిప్పు గుర్తుపెట్టుకుంటుంది. కరెంటున్నంతసేపే దానికి జ్ఞాపకం. అందుకే మిషన్ ఆపేసినా దాని జ్ఞాపకం చెదరకుండా 3.6 వోల్టుల లిథియం బ్యాటరీ పక్కనే కాపలా కాస్తుంది.

చిక్కంతా అక్కడే. బ్యాటరీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాల్సిందే. అది అయిపోయిన క్షణాన చిప్పు అన్నీ మర్చిపోతుంది. ప్రోగ్రాము చెక్కుచెదరకుండా బోర్డు మీదే ఉంటుంది. చదివే దిక్కే ఉండదు. స్విచ్చి వేస్తే తెర నిండా ఒకే రంగు కనిపిస్తుంది. కొత్త బ్యాటరీ వేసినా పోయిన తాళంచెవి తిరిగిరాదు. దీన్ని ముచ్చటపడి కొనుక్కున్నవాళ్లు ‘ఆత్మహత్య బ్యాటరీ’ అని పిలవడంలో ఆశ్చర్యమేముంది!

మన ఊళ్లలోనూ ఆ రోజుల్లో పార్లర్లకు వెళ్లిన పిల్లలకు ‘ముస్తఫా గేమ్’ గుర్తుండే ఉంటుంది. దాని అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. క్యాప్‌కామ్ 1993లో చేసిన ఆ ఆట అసలు బోర్డులోనూ ధ్వని విభాగానికి ఇలాంటి బ్యాటరీయే ఉంది.

తెర మీద ఒకే రంగు కనబడగానే బ్యాటరీ పోయిందని గుండె బాదుకోనక్కర్లేదు. చేయితిరిగిన మెకానిక్ మొదట మల్టీమీటర్ తీస్తాడు. బోర్డు దగ్గర 5 వోల్టులు అందుతున్నాయా లేదా చూస్తాడు. పాతబడిన పవర్ సప్లై కొంచెం తక్కువిచ్చినా ఆట మొదలవ్వదు, మొదలైనా మధ్యలో ఆగిపోతుంది. తర్వాత బోర్డు అంచున ఉన్న 56 కాంటాక్టుల వంతు. అక్కడ పేరుకున్న మట్టిని, చిలుమును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తాడు. సీపీఎస్-2లో రెండు బోర్డులుంటాయి. ఒకటి అన్ని ఆటలకూ పనికొచ్చేది, రెండోది ఆటను మోసేది. వాటిని విడదీసి, గట్టిగా నొక్కి మళ్లీ కలిపితే నయమయ్యే జబ్బులూ ఉంటాయి. అప్పటికీ లొంగకపోతే మొదటి బోర్డు స్థానంలో బాగున్న ఇంకోటి పెట్టి చూస్తాడు. రోగం మారకపోతే దోషం ఆట బోర్డుదే అన్నమాట.

బ్యాటరీ ఇంకా బతికుంటే మాత్రం ఆలస్యం పనికిరాదు. ఇక్కడ మీటర్ కూడా మోసం చేస్తుంది. ఈ రకం లిథియం బ్యాటరీ చివరిదాకా దాదాపు 3.6 వోల్టులే చూపించి, ఆఖరులో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి అంకెను నమ్ముకోకుండా వయసు చూసి మార్చేయడమే తెలివైన పని. పాతది తీసి కొత్తది పెట్టే ఆ కొద్ది నిమిషాలూ బోర్డులోని కెపాసిటరే జ్ఞాపకాన్ని కాపాడాలి. అందుకే పరికరాలన్నీ ముందే సర్దుకుని, సోల్డరింగ్ ఐరన్‌ను వేడెక్కాక ప్లగ్గు తీసేసి వాడతారు కొందరు. దాన్నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు చాలు, మొత్తం చెరిగిపోవడానికి. ప్లస్సూ మైనస్సూ తారుమారైనా అంతే సంగతులు.

మరి అప్పటికే చచ్చిపోయిన బోర్డుల మాటేమిటి? ఒకప్పుడు కంపెనీకి తిరిగి పంపించుకోవడమే మార్గం. 2001 నుంచి ఔత్సాహికులు మరో దారి పట్టారు. బతికున్న బోర్డుల చేతే రహస్య లిపిని చదివించి, తాళం అక్కర్లేని ప్రోగ్రాములు తయారుచేశారు. వాటిని చిప్పుల్లోకి ఎక్కించి పెడితే బోర్డు లేచి కూర్చుంటుంది. 2007 జనవరిలో ఆండ్రియాస్ నైవే, నికోలా సాల్మోరియా అనే ఇద్దరు ఆ రహస్య లిపి గుట్టు పూర్తిగా విప్పేశారు. 64 బిట్ల తాళం అది! ఇక 2016లో ఎడ్వార్డో క్రూజ్, ఆర్టెమియో ఉర్బినా, ఇయాన్ కోర్ట్ కలిసి, పోగొట్టుకున్న తాళాన్నే ఆ చిప్పుకు తిరిగి అందించే పద్ధతిని బయటపెట్టారు. చిన్న మైక్రోకంట్రోలర్, కొన్ని వైర్లు ఉంటే పని జరిగిపోతుంది. పాత ప్రోగ్రాములో ఒక్క అక్షరమైనా మార్చక్కర్లేదు.

ఇదంతా విని అటకెక్కించిన పాత మిషన్‌ను కిందికి దించేవాళ్లకు ఒక హెచ్చరిక. బోర్డుతో ఎంతసేపైనా కుస్తీ పట్టండి గానీ, పక్కనే ఉన్న పాతకాలపు పిక్చర్ ట్యూబు జోలికి మాత్రం వెళ్లకండి. స్విచ్చి ఆపేశాక కూడా అందులో వేల వోల్టులు దాక్కుని ఉండొచ్చు. ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి.

దొంగలకు భయపడి తయారీదారు వేసిన తాళం చివరికి డబ్బు పెట్టి కొన్నవాళ్లనే బయట నిలబెట్టింది. దాన్ని తెరిచినవాళ్లకు జీతమిచ్చినవాళ్లెవరూ లేరు. చిన్నప్పుడు ఆడుకున్న ఆట మళ్లీ ఆడాలనిపించిందంతే!