లైబ్రరీ గేటు దగ్గర అడిగేది కులం కాదు, లెటర్

బోధన్ నుంచి డిచ్‌పల్లికి పోవాలంటే నిజామాబాద్ బస్టాండులో దిగి మరో బస్సు ఎక్కాలి. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. మగపిల్లలు రానూపోనూ చార్జీ పెట్టుకోవాలి. కూలికి పోయే ఇంట్లో అది ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసే డబ్బు. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. అంతకు ముందు ఈ జిల్లా కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. చదువు దగ్గరికి వచ్చిందని అందరం సంతోషించాం. మరి ఆ చదువులో పుస్తకం ఎవరి దాకా వచ్చింది?

మేం మాట్లాడుతున్నది యూనివర్సిటీలో సీటు వచ్చిన వాళ్ల గురించి కాదు. ఎడపల్లిలోనో, కోటగిరిలోనో, వర్నిలోనో డిగ్రీ పూర్తిచేసి గ్రూప్స్‌కో, డీఎస్సీకో, నెట్‌కో చదువుకుంటున్న దళిత యువతీ యువకుల గురించి. వీళ్లు ఇప్పుడు ఏ కాలేజీ రికార్డులోనూ లేరు. ఏ ఆఫీసు రికార్డులోనూ లేరు. లైబ్రరీ నిబంధనల భాషలో వీళ్లకు ఒకటే పేరు: ‘బయటి వ్యక్తులు’.

కొన్నాళ్ల కింద మాలో ఇద్దరం ఒక విశ్వవిద్యాలయ లైబ్రరీకి వెళ్లాం. ఏ విశ్వవిద్యాలయమో చెప్పడం లేదు. ఎందుకంటే ఇది ఆ ఒక్కదాని కథ కాదు. గేటు దగ్గర ఐడీ కార్డు అడిగారు. లేదన్నాం. ప్రిన్సిపాల్ లెటర్ గానీ గెజిటెడ్ ఆఫీసర్ లెటర్ గానీ తెమ్మన్నారు. తెస్తే లోపల కూర్చుని చదువుకోవచ్చు, పుస్తకం మాత్రం ఇంటికి ఇవ్వరు. చెప్పినాయన మర్యాదగానే చెప్పారు. మా కులం అడగలేదు. అయినా మేం బయటే ఉన్నాం.

లెటర్ అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. గెజిటెడ్ ఆఫీసర్ ఎవరికి తెలుసు? ఇంట్లోనో చుట్టాల్లోనో ఉద్యోగస్తులున్న వాళ్లకు తెలుసు. వాళ్లకు ఒక్క ఫోన్ చాలు. మొదటి తరంలో డిగ్రీ దాకా వచ్చిన వాడకట్టు పిల్లకు ఆ సంతకం కోసం ఎవరి గుమ్మం ముందు నిలబడాలో కూడా తెలియదు. ఇక డిపాజిట్ సంగతి. వెయ్యి రూపాయలు తిరిగి వచ్చేదే కావచ్చు. కానీ ఆ వెయ్యి ఏడాదిపాటు పక్కన పెట్టగలిగిన ఇల్లు ఏది? పనివేళలు కూడా అంతే. సాయంత్రానికి మూసేసే లైబ్రరీ పగలు కూలి చేసుకునే వాళ్లకు సెలవు రోజున కూడా దొరకదు. నిబంధన అందరికీ ఒకటే, దాని బరువు మాత్రం అందరి మీదా ఒకటిగా పడదు. మేం చెప్పదలచుకున్న మాట ఇదే.

చట్టం ఇక్కడ ఎంత దూరం వస్తుంది? రాజ్యాంగం 15(2) అధికరణం ప్రభుత్వ నిధులతో పూర్తిగా గానీ కొంత గానీ నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు వచ్చిపోయే స్థలాల వాడకంలో కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంటుంది. లైబ్రరీ గేటు కులం పేరుతో ఆపడం లేదు, కార్డు పేరుతో ఆపుతోంది. అందుకే ఆ అధికరణం పట్టుకుని నేరుగా నిలదీయడం కష్టం. కానీ ఆ అధికరణం వెనుక ఉన్న పోరాటం మనకు దారి చూపిస్తుంది.

1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలి ఎస్.కె.బోలే తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజాధనంతో కట్టిన, నడిచే బావులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, దవాఖానలు అంటరానివారికీ తెరవాలన్నది దాని సారాంశం. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరిచే ఉంది. కానీ 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా ఆ నీళ్లు దళితుల గొంతు దిగలేదు. ఆ తర్వాత కోర్టు కేసు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. ‘తెరిచే ఉంది’ అనే మాటకీ, చేతికి అందడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో మహాడ్ చెప్పింది.

బోధన్ ప్రాంతానికి ఈ పాఠం మరో రకంగా తెలుసు. 1937లో శక్కర్‌నగర్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ప్రజల ఆస్తి. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. చెరకు నరికిన చేతులు, సీజన్‌లో ఫ్యాక్టరీ పని చేసిన చేతులు ఇతర కూలి పనులకు మళ్లాయి. ఆ ఇళ్ల పిల్లలకు ఇక మిగిలిన దారి పోటీ పరీక్ష. దానికి కావలసింది పుస్తకం, కూర్చునే చోటు. ఫ్యాక్టరీ పోయిన చోట లైబ్రరీ అయినా దొరకాలి కదా.

‘పబ్లిక్ లైబ్రరీలు ఉన్నాయిగా’ అంటారు. ఉన్నాయి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మనమే గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. గుడిసెకు పన్ను కట్టినా అందులో ఆ పైసలు ఉంటాయి. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు పూర్తిగా జమ చేయడం లేదన్న ఫిర్యాదు ఏళ్లుగా ఉంది. జిల్లా, శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు తమ పుస్తకాలు తామే మోసుకొచ్చి చదువుకోవడం మనం చూస్తున్నదే. అంటే అక్కడ దొరుకుతున్నది కుర్చీ, ఫ్యాను. ఎంఏ స్థాయి పుస్తకం, పరిశోధనా పత్రిక యూనివర్సిటీలోనే ఉంటాయి.

పరిశోధనా పత్రికల విషయం ఇంకా స్పష్టం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. కానీ ఇది ప్రభుత్వ విద్యాసంస్థల్లో, పరిశోధనా సంస్థల్లో ఉన్నవాళ్లకు. పేరులో దేశం ఉంది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చుని నెట్‌కు చదువుకునే అమ్మాయి ఆ దేశంలో లేదు.

లైబ్రేరియన్ల ఇబ్బందులు మాకు తెలుసు. సిబ్బంది చాలరు. పోయిన పుస్తకానికి జవాబు చెప్పాల్సింది వాళ్లే. లోపల చదివే విద్యార్థులకే సీట్లు సరిపోని రోజులుంటాయి. ఆ విద్యార్థుల్లోనూ మన పిల్లలున్నారు, వాళ్ల సీటు లాక్కోమని మేం అనడం లేదు. పరీక్షల నెలల్లో పరిమితి పెట్టొచ్చు. ఒక్క ప్రతే ఉన్న పుస్తకం బయటికి ఇవ్వకపోవచ్చు. ఆలస్యానికి జరిమానా వేయొచ్చు. కానీ పరిమితి వేరు, మూసిన తలుపు వేరు. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ లైబ్రరీ సాధారణ ప్రజలకూ తెరిచి ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాలు ఆ రాష్ట్రంలో ఉండేవాళ్లకు పుస్తకాలు తీసుకునే కార్డు ఇస్తాయి. పన్ను కట్టిన మనిషి బయటివాడు కాదన్న ఆలోచనే దానికి పునాది.

అందుకే మా డిమాండ్లు ఇవి. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ చూపిన ఎవరినైనా లెటర్ లేకుండా చదువుకోనివ్వాలి. విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల్లో డిగ్రీ చేసిన వాళ్లకు, చదువు ముగిసిన తర్వాత కూడా రెండు పుస్తకాలు ఇంటికిచ్చే కార్డు ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు డిపాజిట్ రద్దు చేయాలి. బయటినుంచి వచ్చినవాళ్లు పత్రికలు చదువుకోవడానికి, ఒప్పందాలు అనుమతించిన మేరకు, లైబ్రరీలో ఒక కంప్యూటర్ కేటాయించాలి. జిల్లా గ్రంథాలయ సంస్థతో ఒప్పందం చేసుకుని, బోధన్ శాఖలో పేరు రాసిస్తే పుస్తకం అక్కడికే వచ్చేలా చూడాలి. మనిషి రెండు బస్సులు మారడం కన్నా పుస్తకం మారడం చౌక. ఈ నిబంధనలన్నీ తెలుగులో రాసి గేటు దగ్గరే పెట్టాలి.

మొదటి పని మనమే మొదలుపెట్టొచ్చు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు వేద్దాం. బయటివాళ్ల ప్రవేశానికి రాతపూర్వక నిబంధన ఏమిటి, ఎప్పటి తీర్మానం? గత మూడేళ్లలో ఎంతమందిని లోపలికి పంపారు? ఎంతమందికి పుస్తకాలిచ్చారు? డిపాజిట్ ఎంత, మినహాయింపు ఎవరికి? ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ ఇవే ప్రశ్నలు పంపుదాం. చాలాచోట్ల గేటు దగ్గర చెప్పే నిబంధన కాగితం మీద ఉందో లేదో జవాబు వస్తేనే తేలుతుంది. ఉంటే మార్చమని అడుగుదాం. లేకపోతే ఆ జవాబు చేతిలో పట్టుకుని, మనిషి వెంట మనిషిగా, ఆ గేటు దాటి లోపలికి పోదాం.