పంది అని రాయకూడదట!

ఆమధ్య ఒక పత్రికవారు ఫోన్ చేసి, "అమ్మా, మా వంటింటి శీర్షికకి మీరొక వంట రాసివ్వాలి. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి అరగంటలో చేసుకునేట్టు వుండాలి. కాస్త కొత్తగానూ వుండాలి" అన్నారు. సంబరపడిపోయాను. నా నవలల్ని ఎవరూ ఇంత మర్యాదగా అడిగి పుచ్చుకున్నది లేదు మరి! ఆ రాత్రే కూర్చుని రాసి పంపేశాను. తియ్యకారం పాకం పట్టించిన పందిమాంసం. పాతిక నిమిషాల పని.

మూడోరోజు మళ్ళీ ఫోన్.

"వంట బ్రహ్మాండంగా వుందమ్మా. ఒక్క చిన్న మార్పు. పంది అని వున్నచోటల్లా కోడి అని వేసుకుంటాం. మా పాఠకురాళ్ళు మరోలా అనుకుంటారు."

"పంది వంటని కోడి వంట అంటే ఎలాగండీ?"

"పోనీ, పోర్క్ అని వేద్దామా?"

అదన్నమాట సంగతి! పంది అయితే పనికిరాదు, పోర్క్ అయితే ఫరవాలేదు. జంతువు అదే, మాంసం అదే, మూకుడు అదే. మారిందల్లా పేరొక్కటే. నేను ఒప్పుకోలేదు. వంట వెనక్కి తీసుకున్నాను. కడుపులో దాచుకుంటే అరిగేది కాదు గనక ఆ వంటనీ, దాంతోపాటు నా గొడవనీ మీ ముందు పెడుతున్నాను.

ముందు వంట సంగతి చెబుతాను. గొడవ చల్లారినా నష్టం లేదు గాని వంట చల్లారకూడదు.

రెండేళ్ళ కిందట డల్లాస్‌లో మా చెల్లెలింటికి వెళ్ళాను. అది ఆఫీసునుంచి వచ్చి, చేతిసంచీ కుర్చీమీద పడేసి, అరగంటలో కంచం ముందు పెట్టింది. నిగనిగలాడే ముక్కలు. పైన తీపి, వెనకాల కారం. రెండోసారి వడ్డించుకుని, "ఏం మాంసమే ఇది?" అన్నాను. "పోర్క్ అక్కా" అంది. "అలాగా, బాగుందే" అన్నాను. నారాయణపేటలో ఆ జంతువు వీధిలో కనబడితేనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, డల్లాస్‌లో ఇంగ్లీషు పేరు వినేసరికి మూడో ముక్క తీసుకున్నాను. ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిని నేనే.

ఇంటికొచ్చాక మన సరుకులతో చేశాను. అరకిలో మాంసం కావాలి. నడుముభాగందే తీసుకోవాలి. అది లేత, తొందరగా ఉడుకుతుంది. భుజం ముక్కా పొట్ట ముక్కా అయితే గంటకి తక్కువ మెత్తబడవు, అవి ఆదివారాలకి. అరవేలి మందాన ముక్కలు కోసి ఉప్పూ మిరియాలపొడీ పట్టించండి. ఒక పక్క అన్నం పడేయండి. ఇనుప మూకుడు బాగా కాగాక చెంచాడు నూనె వేసి, ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, కదపకుండా ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు ఎర్రగా వేయించి తీసెయ్యండి. అదే మూకుట్లో ఆరు వెల్లుల్లి రెబ్బలూ, అంగుళం అల్లం ముక్కా దంచి వేసి, పావు గిన్నె చింతపండు పులుసు, మూడు పెద్దచెంచాల బెల్లం తురుము, రెండు చిన్నచెంచాల మిరపకారం వెయ్యండి. మూడు నాలుగు నిమిషాల్లో చిక్కబడి చెంచాకి అంటుకుంటుంది. అప్పుడు ముక్కలు మళ్ళీ వేసి, లోపల పచ్చి ఏమాత్రం లేకుండా ఉడికేదాకా తిప్పండి. బెల్లం మొదట్లోనే వేస్తే ముక్క ఉడికేలోపల పాకం మాడి చేదెక్కుతుంది, అందుకే చివర. అన్నంలోకి సరే, మా పాలమూరు జొన్నరొట్టెలోకి ఇంకా బాగుంటుంది.

ఇందులో పరాయిదేముంది చెప్పండి? బెల్లమూ కారమూ పులుపూ కలిపి తినడం మనకెవరు నేర్పాలి? బెల్లం ఆవకాయ ఏమిటి? బెల్లం వేసిన పులుసు ఏమిటి? ఆ మాటకొస్తే మిరపకాయే పరాయిది. పోర్చుగీసువాళ్ళ పడవల్లో వచ్చింది. దాన్ని ఇంటికోడలిగా చేసుకున్నాం గాని, అంతకంటే ఎంతో ముందునుంచీ ఈ నేలమీదే వున్న పందిని మాత్రం గడప ఎక్కనియ్యం.

మా ఇంట్లో మొదటిసారి వండిననాడు మావారు ఆ మాంసాన్ని మూడు సంచుల్లో చుట్టి, సందులోంచి తెచ్చారు. మా నారాయణపేట చీరలకీ బంగారం వ్యాపారానికీ పేరున్న వూరు. దొంగ బంగారం తెచ్చేవాళ్ళు కూడా అంత భయపడరేమో! అయినా వాసన ఆగుతుందా? సాయంత్రానికి ఎదురింటి వదినగారు వచ్చేశారు.

"వదినా, గది మురికి జంతువు. గదెట్ల తింటరు?"

మురికి నిజమే. కాని ఎవరి మురికి? మురుగుకాలవలు మూతల్లేకుండా వదిలేసింది మనం. అందులో దొర్లినందుకు పందిని తిడతాం. దానికి మనలా చెమట పట్టదు. ఎండకి తాళలేక బురదలో పడుకుంటుంది. శుభ్రమైన చోట పెంచి, శుభ్రమైన మేత పెడితే అదీ అన్ని జంతువుల్లాంటిదే. సరే, మనం లొట్టలేసుకుంటూ తినే నాటుకోడి ఏం తిని పెరుగుతుంది? పెంటకుప్పమీద కెలికి ఏరుకు తినే దాన్ని "నాటు" అని మెచ్చుకుని రెట్టింపు ధర పెట్టి కొంటాం కదా!

"మెదడులో పురుగులు పుడతాయట" అన్నారు ఇంకొకావిడ, చదువుకున్నావిడే. ఇది కొట్టిపారేసే మాట కాదు, అందుకే సరిగ్గా తెలుసుకోవాలి. సరిగా ఉడకని పందిమాంసంతో పేగుల్లో బద్దెపురుగు చేరవచ్చు. అందుకే పచ్చి లేకుండా ఉడికించమన్నాను. అమెరికా ప్రభుత్వం 2011లో చెప్పిన లెక్క ప్రకారం ముక్క లోపల 63 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలి, దించాక 3 నిమిషాలు వుంటే చాలు. మనింట్లో కొలిచే సాధనం వుండదు గనక ఇంకాస్త ఎక్కువే ఉడికించండి. మెదడుకెక్కే జబ్బు దారి మాత్రం వేరు. బద్దెపురుగు వున్న మనిషి మలంలోంచి దాని గుడ్లు నీళ్ళలోకీ, కూరగాయలమీదకీ, కడుక్కోని చేతులమీదకీ చేరి, అక్కణ్ణించి మన నోట్లో పడితే వస్తుంది. పంది పేరెత్తని శాకాహారికీ వస్తుంది. న్యూయార్క్‌లో మతనియమంగా పందిమాంసం ముట్టని యూదు కుటుంబాల్లోనే ఈ జబ్బు కనబడినట్టు 1992లో వైద్య పత్రికలో వచ్చింది. కనక పందిని వెలివేస్తే ఈ జబ్బు పోదు. కొత్తిమీర కడుక్కోవాలి, మరుగుదొడ్లు కట్టుకోవాలి.

"వరాహావతారం కదమ్మా" అన్నారు మా పెద్దత్తగారు. భక్తితో మానేస్తే రెండు చేతులా నమస్కారం. కాని చేపా అవతారమే కదా, పులస పేరు చెబితే ఎవరికీ మత్స్యావతారం గుర్తుకు రాదేం? తిరుమలలో ముందుగా దర్శించుకునేది వరాహస్వామినే. చాళుక్యుల రాజముద్ర వరాహం. కాకతీయులదీ వరాహమే. వరహాలని లెక్కపెట్టుకున్న బంగారు నాణేలకి ఆ పేరు దాన్నించే వచ్చింది. మా పాలమూరుని కూడా ఏలిన కల్యాణి చాళుక్యుల్లో మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం చేశాడు. అందులో రాజుగారి భోజనం దగ్గర పందిమాంసం కాల్చే విధానాలున్నాయి. రాజు తింటే గ్రంథం, డల్లాస్‌లో తింటే ఫ్యాషన్, మన వూరి చివర తింటే ఛీ ఛీ!

అసలు సంగతి ఇక్కడే వుంది. మన అసహ్యం పందిమీద కాదు, పందిని పెంచేవాళ్ళమీద, తినేవాళ్ళమీద. ఎరుకలవారిని తీసుకోండి. బుట్టలల్లారు, సోది చెప్పారు, పందుల్ని మేపారు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తర్వాత మద్రాసు రాజధానిలో వాళ్ళమీదా రుద్ది, పుట్టిన బిడ్డమీద కూడా దొంగ అని ముద్ర వేశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. చట్టం పోయింది గాని చూపు పోలేదు. ఇప్పుడా చూపు మన వంటింటి కిటికీలోంచి వాసన పడుతూ కూర్చుంది.

తినని వాళ్ళంతా అసహ్యించుకుంటారని కాదు. మా పక్కింటి ఆపాకి మతంలోనే నిషేధం. నేను వండినట్టు తెలిసి ఆమె అన్నది ఒకటే మాట: "మీరు తినుండ్రి, మాకు పెట్టకుండ్రి, గంతే." ఆ గిన్నె, ఆ గరిటె ఆ ఇంటికి పంపను. ఇద్దరం ఎప్పటిలాగే గోడమీదుగా మాట్లాడుకుంటాం. నియమం అంటే అది. తాను మానుకోవడం నియమం. ఎదుటివాళ్ళని తక్కువ చెయ్యడం నియమం కాదు, పొగరు.

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. డల్లాస్ వెళ్ళడానికి ఏడాది ముందు, మా మేడమీద వాటా ఖాళీ అయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ అడగడానికి వచ్చింది. చక్కటి పిల్ల, కాఫీ తాగింది, వాటా నచ్చిందంది. నేను అందరం అడిగే ప్రశ్న అడిగాను: "మీరు ఏం తింటారమ్మా?" ఆ పిల్ల దాచలేదు. "అన్నీ తింటం మేడం. మా ఇంట్ల పందులు పెంచుతరు" అంది. "ఆలోచించి చెబుతాను" అన్నాను. ఇంతవరకూ చెప్పలేదు. బి.ఏ. చదివి, ఆడవాళ్ళ కష్టాలమీద నవలలు రాసి, నా మేడమీద అద్దెకొచ్చిన ఆడపిల్లని ఒక కూర పేరుతో మెట్లు దింపేశాను.

కిందటి నెల బట్టలకొట్లో ఆ అమ్మాయే కనబడింది. నేను గుర్తుపట్టేలోపే "నమస్తే మేడం" అంది. ఏం మాట్లాడాలో తోచక, "ఇల్లు దొరికిందామ్మా?" అన్నాను.

"దొరికింది మేడం. వెజిటేరియన్లమని చెప్పినం. ఐతారం మా అమ్మోళ్ళ వూరికి పోయి తింటం" అంది నవ్వుతూ.

ఆ నవ్వులో నామీద కోపం లేదు. వుంటే బాగుండేది. నిజం చెప్పిన పిల్లకి అబద్ధం నేర్పించింది నేనే. తరగతిలో పిల్లలకి నిజమే చెప్పాలని బోధించే మనిషి, సాయంత్రం తన ఇంట్లో తన తిండి పేరు తను చెప్పుకోలేదు.

కనక అక్కచెల్లెళ్ళారా, పందిమాంసం తినమని నేను మిమ్మల్ని అడగడం లేదు. తినాలనిపిస్తే పైన చెప్పినట్టు వండుకోండి, లేకపోతే మానెయ్యండి. నేను అడిగేది ఒకటే. రేపు మీ ఇంటికి అద్దెకోసం ఎవరైనా వస్తే అద్దె ఎంతో చెప్పండి, నీళ్ళు ఏ వేళకొస్తాయో చెప్పండి. "మీరు ఏం తింటారు?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న తిండి గురించి కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, జవాబు చెప్పేవాళ్ళకీ తెలుసు.

సంపాదకులవారూ, మీకూ ఒక మనవి. ఇది వేస్తే పంది అనే వెయ్యండి. కోడి అని మార్చేట్టయితే దయచేసి తిప్పి పంపండి. తపాలా బిళ్ళలు జతచేశాను.