తిరిగే హక్కు

తిరక్క మగవాడూ, తిరిగి ఆడదీ చెడతారని సామెత. ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరూ ఉండరు. నేను దాన్ని రెండింతలు విన్నాను. రెండేళ్ళ వయసులో పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. అన్నయ్యలు సైకిలు నేర్చుకుంటుంటే అరుగుమీద కూర్చుని చూసేదాన్ని. నాకూ నేర్పమని అడిగితే అమ్మమ్మ, "ఆడపిల్లవి, అందులో కాలు బాగాలేనిదానివి, నీకెందుకే సైకిలు?" అనేది. ఆ రెండింటిలో ఏది అసలు కారణమో నాకిప్పటికీ తెలీదు.

యాభై దాటాక, మా మేనకోడలు తను వాడని ఫోల్డింగ్ సైకిలొకటి తెచ్చి ఇంట్లో పెట్టింది. చక్రాలు చిన్నవి. నడిమి కడ్డీ కిందికి ఉంటుంది కాబట్టి కాలు ఎత్తి దాటించక్కర్లేదు. సీటు దించుకుంటే కూర్చునే రెండు పాదాలూ నేలకి ఆనించవచ్చు. పడుతూ లేస్తూ నెలరోజుల్లో నేర్చుకున్నాను. రెండువందల గజాలు నడిస్తే నడుము పట్టేసే నేను ఇప్పుడు మూడు నాలుగు కిలోమీటర్లు హాయిగా పోగలుగుతున్నాను. ఇందులో అద్భుతమేమీ లేదు. నడిచేటప్పుడు శరీరం బరువంతా కాళ్ళే మొయ్యాలి. సైకిలు మీద ఆ బరువులో ఎక్కువభాగం సీటు మోస్తుంది. కీళ్ళజబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి నడకకన్నా సైకిలే తేలికవటానికి కారణం ఇదే. పార్కిన్సన్స్ వ్యాధితో నాలుగడుగులు సరిగ్గా వెయ్యలేని ఒక వ్యక్తి సైకిలు మాత్రం చక్కగా తొక్కటాన్ని నెదర్లాండ్స్ వైద్యులు 2010లో ఒక ప్రముఖ వైద్య పత్రికలో ప్రకటించారు.

అంటే నడవలేకపోవటం, కదలలేకపోవటం ఒకటి కావు. మన సమాజం, ప్రభుత్వం, ఉద్యమాలు కూడా ఈ రెండింటినీ ఒకటిగానే చూస్తున్నాయి.

ఈ సైకిలుతో ప్రపంచమంతా తిరుగుతున్నవాళ్ళున్నారు. అందులో కాళ్ళు సరిగా సహకరించనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళు వేల మైళ్ళు తొక్కుకుంటూ పోరు. దూరమంతా రైలు, ఓడ, విమానం మోస్తాయి. స్టేషను నుంచి బసకి, బస నుంచి బజారుకి ఉండే కిలోమీటరూ అరకిలోమీటరూ సైకిలు మోస్తుంది. నడవలేని మనిషిని ఇంట్లో కూర్చోబెట్టేది వెయ్యి మైళ్ళ దూరం కాదు, ఈ అరకిలోమీటరే. 1970లలో లండన్‌లో ఆండ్రూ రిచీ రూపొందించిన బ్రాంప్టన్ సైకిలు నిమిషంలోపే మడిచి రైల్లో కాళ్ళదగ్గర పెట్టుకోవచ్చు. అమెరికాలో బైక్ ఫ్రైడే అనే సంస్థ 1992 నుంచీ పెట్టెలో సర్దుకుని పోగల సైకిళ్ళు చేస్తోంది.

"అదేం ప్రపంచయాత్ర, సగం రైల్లోనే పోతే?" అని వెక్కిరించేవాళ్ళుంటారు. ఈ వెక్కిరింత కొత్తది కాదు. 1894లో ముగ్గురు పిల్లల తల్లి, వలస వచ్చిన శ్రామిక కుటుంబపు స్త్రీ ఆనీ లండన్‌డెరీ అమెరికాలోని బోస్టన్ నుంచి సైకిలుతో ప్రపంచయాత్రకి బయలుదేరింది. 1895లో తిరిగొచ్చింది. దారిలో చాలాభాగం ఓడలమీద వెళ్ళింది. సైకిలు 'మీద' కాదు, సైకిలు 'తో' తిరిగిందని విమర్శించారు. అయితేనేం? ఆమె ఇల్లు దాటింది, లోకం చూసింది. ప్రయాణం ఎంత కష్టపడి చేశామన్నదానికి పరీక్ష కాదు.

రెండేళ్ళ క్రితం ఒక సమావేశానికి నెదర్లాండ్స్ వెళ్ళినప్పుడు నా సైకిలుని కూడా పెట్టెలో సర్ది తీసుకెళ్ళాను. అక్కడి రైళ్ళలో మామూలు సైకిలుకి విడిగా టికెట్టు కొనాలి. మడిచిన సైకిలు సామాను కిందే లెక్క, టికెట్టు అక్కర్లేదు. ఊతకర్రని సైకిలుకి తగిలించుకుని బజారుకి పోతున్న ముసలమ్మలని అక్కడ చూశాను. ఎవరూ వాళ్ళవైపు వింతగా చూడలేదు. మా అమ్మమ్మ గుర్తొచ్చి కాసేపు రోడ్డుపక్కన ఆగిపోయాను.

తిరిగొచ్చిన నెలకి సర్టిఫికెట్టు పనిమీద ఇక్కడ ఒక ఆఫీసుకి వెళ్ళాను. నేను సైకిలు దిగటం చూసిన గుమాస్తా, "సైకిలు తొక్కేదానివి, వికలాంగురాలివెట్లా అయ్యావమ్మా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఉద్యోగం ఉంది కాబట్టి ఆ నవ్వుని భరించి వచ్చేశాను. పింఛనే ఆధారమైన స్త్రీ ఏం చేస్తుంది? మళ్ళీ సైకిలు ముట్టుకోదు. ఉన్న చురుకుదనాన్ని కూడా దాచుకుంటుంది. నిస్సహాయంగా కనిపిస్తేనే సాయం చేస్తామనే వ్యవస్థ మనిషిని నిస్సహాయంగానే ఉంచుతుంది. ఊతకర్రతో నడిచేవాళ్ళని "కర్ర ఉందిగా, ఇంకేం వైకల్యం?" అని అడగంకదా! సైకిలు కూడా కొందరికి ఊతకర్రే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో స్త్రీలు కోటీ 18 లక్షలు. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక మీద మన దేశం 2007లోనే ఆమోదముద్ర వేసింది. తాను కోరిన పద్ధతిలో, కోరిన సమయంలో, భరించగల ఖర్చుతో కదిలే అవకాశం గురించి దాని 20వ అధికరణం చెబుతుంది. 30వ అధికరణం విహారాన్ని, వినోదాన్ని కూడా హక్కుల్లో చేర్చింది. 2016లో మనకి కొత్త చట్టం వచ్చింది. కానీ అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉంటే చాలవనీ, తప్పనిసరి నియమాలు చెయ్యాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

ఇక మన సంగతి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతోపాటు లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్న సంగతి మనం ఎన్నో సభల్లో గర్వంగా చెప్పుకున్నాం. ఆ సైకిలుమీద వికలాంగ స్త్రీని మనలో ఎవరం ఊహించాం? ఆమె గురించి మాట్లాడినప్పుడు అత్యాచారం, వైద్యం, పింఛను గురించి మాట్లాడాం. అవన్నీ అవసరమే. కానీ ఆమెకి ఊరికే తిరగాలనిపించవచ్చనీ, సముద్రం చూడాలనిపించవచ్చనీ మనకి తట్టలేదు. లిఫ్టు లేని రెండో అంతస్తులో సభ పెట్టి "వికలాంగ స్త్రీలు ఎందుకు రావటం లేదు?" అని అడిగిందీ మనమే.

ఫోల్డింగ్ సైకిలు సర్వరోగ నివారిణి కాదు. పది పన్నెండు కిలోల బరువుంటుంది, చేతుల్లో బలం లేనివాళ్ళు ఎత్తలేరు. మెట్లు తప్ప దారి లేని ప్లాట్‌ఫారం ముందు అదీ ఓడిపోతుంది. పేరున్న విదేశీ రకాలు లక్ష రూపాయలు దాటుతాయి. అసలు సైకిలే తొక్కలేని స్త్రీలూ చాలామంది ఉన్నారు. అందుకే అందరికీ ఇదే ఇమ్మని నేననటం లేదు. ఏది కావాలో ఎంచుకునేది ఆమే కావాలంటున్నాను. పథకం కింద చేతితో తిప్పే బరువైన మూడుచక్రాల బండి ఇచ్చేసి, అది ఆమె ఇంటి గుమ్మంలో పడుతుందా, బస్సెక్కుతుందా అని ఎవరూ చూడటం లేదు.

మనం అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. నడవలేనివారికి పనికొచ్చే అన్ని రకాల సైకిళ్ళనీ సహాయక పరికరాలుగా గుర్తించాలి. బెంగుళూరు మెట్రోలో 2020లో ఫోల్డింగ్ సైకిళ్ళని అనుమతించారు. బస్సుల్లో, రైళ్ళలో కూడా మడిచిన సైకిలుని ఛార్జీ లేకుండా, వాదన లేకుండా ఎక్కించుకోవాలి. పరికరం సాయంతో కదలగలిగినంత మాత్రాన వైకల్యం లేదని తీర్మానించటం ఆగాలి. ఇవన్నీ ప్రభుత్వాన్ని అడిగేముందు మన తర్వాతి సమావేశం నేలమీది అంతస్తులో పెడదాం.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఉంటే చెప్పేదాన్ని: తిరిగినందువల్ల నేను చెడలేదు అమ్మమ్మా, తిరగనివ్వకపోవటంవల్లే చాలా ఏళ్ళు చెడిపోయాయి అని.